నాలుగూ ఇరవైకి గేటు ముందు ఆగిన బండి

2018 ఆగస్టులో ఒక బుధవారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు సంతోష్‌నగర్‌లో మా ఇంటి గేటు ముందు ఒక బండి వచ్చి ఆగింది. ఐదు నిమిషాలు ఉండి, తిరిగి వెళ్లిపోయింది. నేను అప్పుడు దుకాణంలో ఉన్నాను. చూసింది నా భార్య విజయ. టైము కూడా ఆమే చెప్పింది. మంచం పక్కన కిటికీ, కిటికీ మీద గడియారం. ఆ రోజుల్లో ఆమెకు కనిపించేవి ఆ రెండే.

చాంద్రాయణగుట్ట చౌరస్తాకు కొంచెం ఇవతల నాకు కార్ల ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. మ్యూజిక్ సిస్టం, సెంట్రల్ లాకింగ్, రివర్స్ కెమెరా బిగించడం నా పని. ఒక పదేళ్ల పాటు జీపీఎస్ పరికరాలు కూడా బాగానే బిగించాను. అరచేతి వెడల్పు తెర, వెనక రబ్బరు కప్పు, అద్దానికి అతుక్కుంటుంది. మ్యాప్ దాని లోపలే ఉంటుంది కాబట్టి ఇంటర్నెట్ అక్కర్లేదు. మా దగ్గర అందరూ దాన్ని డబ్బా అనేవారు. ఇప్పటివాళ్లు చూసి ఉండకపోవచ్చు.

డబ్బా బిగించాక టెస్ట్ చేయడానికి నాకొక పద్ధతి ఉండేది. తెర మీద చిన్న ఇంటి బొమ్మ ఉంటుంది. దాని పేరు హోమ్. ఒకసారి ఇల్లు ఎక్కడో చెప్పి పెడితే, ఊళ్లో ఎక్కడున్నా ఆ బొమ్మ నొక్కగానే ఇంటికి దారి చెబుతుంది. నేను ప్రతి డబ్బాలో మా ఇంటినే హోమ్‌గా పెట్టేవాణ్ని. మెయిన్ రోడ్డు నుంచి మా ఇంటికి మూడు మలుపులు. మూడోది ఇరుకు, మా గేటుతో గల్లీ ఆఖరు. ఆ మూడో మలుపు సరిగ్గా చెప్పిందంటే పాతబస్తీలో ఆ డబ్బా ఎక్కడైనా పనికొస్తుందని లెక్క. బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లి, అన్నం తిని, దుకాణానికి తిరిగొచ్చి, మా ఇంటిని అందులోంచి తుడిచేసి, బండి యజమానికి అప్పగించేవాణ్ని.

హారన్ వినగానే విజయ గేటు దగ్గరికి వచ్చేది.

"ఇయ్యాల తెల్లదా? ఎవ్వరిది?"

"డాక్టర్‌ది."

"సీట్ల మీద కవర్ గూడ తీయలే. జెర ఏసీ ఎయ్యి, రెండు నిమిషాలు కూసుంట."

ముందు సీట్లో కూర్చుని ఒళ్లో చేతులు పెట్టుకుని గల్లీ వైపు చూసేది. ఊళ్లో ఉన్న కార్లన్నీ తను ఎక్కిందని, ఒక్కదాంట్లోనూ ఎక్కడికీ పోలేదని నవ్వేది.

తర్వాత ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున మలక్‌పేటలో డయాలసిస్. అంటే కిడ్నీలు చేయలేని పనిని మిషన్ చేస్తుంది, నాలుగు గంటల సేపు. మధ్యాహ్నం ఆమెను ఇంట్లో పడుకోబెట్టి నేను దుకాణానికి వెళ్లేవాణ్ని. మాకు పిల్లలు లేరు. ఎదురింటికి అప్పటికి ఏడాదిగా తాళం.

ఆ బుధవారం రాత్రి అన్నం పెడుతుంటే ఆమె మామూలుగానే చెప్పింది.

"నాలుగూ ఇరవైకి వైకుంఠ రథం వచ్చింది మన గేటు కాడికి."

వైకుంఠ రథం అంటే శవాలను తీసుకెళ్లే వ్యాను. మా వైపు బస్తీ కమిటీలు నడుపుతాయి.

"గల్లీల ఎవ్వరు పోలేదు గదా. తొవ్వ తప్పి వచ్చి ఉంటది," అన్నాను.

"లోపట ఎవ్వరు లేరు. డ్రైవర్ గూడ లేడు. ఊరికె నిలవడ్డది."

నేను పట్టించుకోలేదు. ఆమె కూడా మళ్లీ ఎత్తలేదు. ఐదు రోజుల తర్వాత, సోమవారం, మళ్లీ వచ్చిందని చెప్పింది. అదే టైముకు కొంచెం అటూఇటూ. ఈసారి అన్నం సగంలో వదిలేసింది. గురువారం నేను దుకాణం నుంచి వచ్చేసరికి కిటికీ మూసి ఉంది. ఆ ఉక్కపోతలో ఆమె కిటికీ ఎప్పుడూ మూయదు.

"మూడుసార్లు వచ్చింది," అంది. "ఖాళీ బండి ఇంటి ముంగట ఆగొద్దంటరు. మూడుసార్లు ఆగిందంటే ఎవ్వరికోసమో తెలుస్తలేదా నీకు?"

కాష్ఠం దగ్గర శవాన్ని దించిన బండి దారిలో ఏ ఇంటి ముందూ ఆగకూడదని మా వాళ్ల పట్టింపు. నేరుగా షెడ్డుకు పోవాలి. అలా ఆగే బండి మా బస్తీలో ఎవరూ చూడలేదు.

నేను డయాలసిస్ సెంటర్ డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఒంట్లో విషాలు పేరుకుంటే కొందరికి లేనివి కనబడతాయి, భయపెట్టకండి, వాదించకండి, డయాలసిస్ మాత్రం తప్పించకండి అని ఆయన చెప్పారు. అదే నిజమనుకున్నాను. నాది వైర్లతో పని. కనిపించనిది ఉందంటే ముందు టెస్టర్ పెట్టి చూసేవాణ్ని.

శుక్రవారం పొద్దున ఆటో గేటు దగ్గరికి వచ్చింది. విజయ లేవలేదు.

"నేను రాను."

"ఒక్కసారి తప్పితేనే కాళ్లు వాస్తయని చెప్పిన్రు గదా."

"వాయనీ. దానికి నా ఇల్లు ఎర్కయింది. ఇగ సూదులెందుకు పొడిపిచ్చుకోవాలె? నా చెయ్యి చూడు, ఎట్లయిందో."

చెయ్యి చూపించింది. నేను చూడలేకపోయాను. ఆటోను పంపించేశాను. సోమవారం కూడా తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరవచ్చని ఇద్దరికీ తెలుసు. మూడు రోజులు ఉన్నాయి.

శనివారం దుకాణం మూసి మూడింటి నుంచి కిటికీ దగ్గర కూర్చున్నాను. గల్లీలో ఒక కూరగాయల బండి, ఇద్దరు స్కూలు పిల్లలు. మా గోడకు ఆనుకుని బస్తీ నీళ్ల ట్యాంకు ఉంది. దాని నల్లా నుంచి చుక్క చుక్క పడుతున్న చప్పుడు వినిపించింది. నాలుగూ ఇరవై అయింది. ఐదయింది. ఆరయింది. ఏ బండీ రాలేదు.

"చూసినవా?" అన్నాను.

విజయ నా వైపు తిరగకుండా చెప్పింది. "నువ్వుంటే రాదు."

ఆ రాత్రి ఆమె పాదాలు వాచాయి. ఆదివారం పొద్దున రెండు దిండ్లు పెట్టుకుని కూర్చుంది. పడుకుంటే ఆయాసం. బతిమాలాను. కొంచెం కోపం కూడా చేశాను. చివరికి ఆమె అంది, "నీకొక్క ముచ్చట చెప్పలే. చెప్తే పిచ్చి లేసిందంటవని."

"చెప్పు."

"బండిల ఎవ్వరు లేరు గని, ఒక ఆడమనిషి మాట్లాడుతది. మెల్లగ, మర్యాదగ. 'ఆప్‌కీ మంజిల్ ఆ గయీ హై' అంటది. జెర సేపాగి మళ్ల అంటది."

మీరు చేరాల్సిన చోటు వచ్చేసింది అని దానర్థం. నా చేతిలో మందుల సీసా ఉంది. దాన్ని కింద పెట్టాను. ఆ మాటను, ఆ గొంతును నేను కొన్ని వందల సార్లు విన్నాను. డబ్బాలో భాష హిందీకి మారిస్తే చివరి మలుపు దాటాక ఆ గొంతు అనే మాట అది. బండి నిలబడ్డాక సిగ్నల్ కాస్త అటూఇటూ కదిలితే మళ్లీ అంటుంది.

వైకుంఠ రథంలో డబ్బా బిగించింది నేనే. జులైలో.

కమిటీ పెద్ద యాదగిరి గారు ఆ పని మీద నా దుకాణానికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లు బండి నడిపిన చంద్రయ్యకు కంటిచూపు తగ్గింది. ఆయన బుర్రలో పాతబస్తీ గల్లీలన్నీ ఉండేవి. ఆయన బదులు వచ్చిన ఖాజా వికారాబాద్ వైపు మనిషి. బండి బాగా నడుపుతాడు గానీ ఇక్కడి దారులు తెలియవు.

"నర్సింలూ, ఫోన్ పెట్టాల్నా, డబ్బా పెట్టాల్నా?" అని అడిగారు యాదగిరి గారు. "పోరగాండ్లందరు ఫోన్ చాలంటున్నరు. మొన్న ఖాజా ఫోన్ పెట్టుకుని పోతుండె. వెనక పీనుగ, పక్కకు కొడుకు ఏడుస్తుండు. గంతల ఫోన్ మోగింది. రింగ్‌టోన్ ఏందో తెల్సా? పెండ్లి బరాత్ పాట. ఆ కొడుకు నా మొఖం చూసిండు. నేను యాడ పెట్టుకోవాలె మొఖం?"

నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. డబ్బా పెట్టమని చెప్పాను. నా కారణాలు నాకున్నాయి. ఫోన్‌కు కాల్స్ వస్తాయి, దారి మధ్యలో మాయమవుతుంది. డాష్‌బోర్డు మీద ఎండకు వేడెక్కి ఆగిపోతుంది. ఫోన్ డ్రైవర్‌ది, డ్రైవర్ మారితే అదీ పోతుంది. డబ్బా బండితోనే ఉంటుంది. ఫోన్‌కు ట్రాఫిక్ తెలుసు, మూసిన రోడ్డు తెలుసు, నిజమే. ఈ బండికి తొందరేముంది? అదొక్కటే పని చేసే వస్తువు, అందుకే నమ్మొచ్చు అన్నాను. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

ఆదివారం పదకొండింటికి షెడ్డుకు వెళ్లాను. మా ఇంటి నుంచి బండిలో ఐదు నిమిషాలు. వ్యాను నీడలో ఉంది. వెనక అద్దానికి ఎండిన బంతిపూల రేకులు అంటుకుని ఉన్నాయి. ఖాజా టైరు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను పలకరించి డబ్బా ఆన్ చేశాను. ఇంటి బొమ్మ నొక్కాను. దారి గీత పడింది. మూడు మలుపులు. మూడోది ఇరుకు. చివర మా గేటు.

"ఖాజా భాయ్, ఈ బొమ్మ నొక్కుతున్నవా?"

"హౌ భాయ్. సద్వు రాదు నాకు, బొమ్మలే ఎర్క. ఘర్ అంటే షెడ్డే అనుకున్న. తీస్కపోయి ఒక గల్లీ ఆఖర్ల నిలవెట్టింది. ఏందిరా ఇది అనుకున్న. గాడ ఒకాయనను అడిగితే షెడ్డు దగ్గర్నే ఉందన్నడు. ఇగ గా గల్లీకి వస్తే షెడ్డు తొవ్వ నాకెర్కే. దూరం కాష్ఠం నుంచి వచ్చినప్పుడు గదే నొక్కుత."

"గాడ ఎందుకాగుతవు?"

"పానీ కీ టాంకీ హై నా భాయ్. షెడ్డుల నీళ్లు లెవ్వు. పీనుగను మోసిన చేతులాయె. వజూ చేస్కొని అసర్ నమాజ్‌కు పోత." నా ముఖం చూసి టీ కప్పు కింద పెట్టాడు. "ఏమైంది? తప్పు చేసిన్నా?"

గోడ పక్కన నల్లా దగ్గర వంగి వజూకు చేతులు, కాళ్లు కడుక్కునే మనిషి మా కిటికీలోంచి కనబడడు. డ్రైవర్ వైపు తలుపు కూడా గోడ చాటునే, దిగినా ఎక్కినా తెలియదు. ఖాళీ సీటు, తెరిచిన తలుపులోంచి మాట మాత్రం ఆమెకు చేరాయి. ఖాళీ బండి ఆగకూడదన్న పట్టింపు అతనికి తెలియదు. ఎవరూ చెప్పలేదు.

తప్పు నాది. మా ఇంటిని హోమ్‌గా పెట్టింది నేను. మామూలుగా అయితే బండి నడిపి, తిరిగొచ్చి తుడిచేసేవాణ్ని. కానీ వైకుంఠ రథాన్ని మా ఇంటికి ఎలా నడపను? విజయ గేటు దగ్గరికి రాలేని రోజుల్లో, కిటికీలోంచి చూస్తుండగా? అందుకే ఆ ఒక్కసారి టెస్ట్ డ్రైవ్ మానేసి దుకాణంలోనే సిమ్యులేషన్ పెట్టాను. అంటే బండి కదలకుండానే తెర మీద బాణం నడుస్తుంది. మూడో మలుపు తిరిగింది, బాగుంది అనుకున్నాను. వెళ్లలేదు కాబట్టి తిరిగి రాలేదు. తిరిగి రాలేదు కాబట్టి చివరి పని గుర్తు రాలేదు. మా ఇంటికి ఆ బండి రాకూడదని నేను చేసిన పనే దాన్ని మా ఇంటికి తెచ్చింది.

ఊరుకోకుండా ట్రాక్ లాగ్ కూడా తెరిచాను. బండి ఏ రోజు ఎక్కడెక్కడ తిరిగిందో డబ్బా దాచుకునే చిట్టా అది. బుధవారం మా గల్లీ ఉంది. సోమవారం ఉంది. గురువారం లేదు. అసలు గురువారం గీతే లేదు.

"గురువారం వచ్చినవు గదా?" అన్నాను.

"జుమేరాత్? జుమేరాత్ గాడీ నిక్లీచ్ నై భాయ్. బ్యాటరీ బైఠ్ గయీ థీ. సాయంత్రం దాంక షెడ్డులనే ఉండె, యాదగిరి సాబ్‌ను అడుగు."

అడిగాను. నిజమే. ఆ రోజు బండి కదలలేదు.

డబ్బాను అద్దం నుంచి ఊడదీసి, వైరు చుట్టుకుని ఇంటికి తీసుకెళ్లాను. విజయ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏమీ చెప్పకుండా కిటికీ తెరిచి డబ్బాను చువ్వల దగ్గర పెట్టాను. ఆకాశం కనబడితే దానికి సిగ్నల్ అందుతుంది. కొంతసేపు పట్టింది. ఇంటి బొమ్మ నొక్కాను.

"ఆప్‌కీ మంజిల్ ఆ గయీ హై," అంది ఆ గొంతు, మా గదిలో.

విజయ దుప్పటి అంచు పట్టుకుంది. నేను జరిగింది మొత్తం చెప్పాను. ఖాజా గురించి, నల్లా గురించి, నేను తుడవడం మరిచిపోయిన దాని గురించి. గురువారం సంగతి చెప్పలేదు.

"మళ్లొకసారి అనిపియ్యి," అంది.

అనిపించాను.

"ఇదేనా?"

"ఇదే."

"నీ పనేనా ఇదంత?"

"నా పనే."

"పెండ్లామొక్కతి ఉందని యాదికున్నదా నీకు? పానం తీసినవు గదా, పుణ్యాత్ముడా." నవ్వబోయి దగ్గింది. ఆయాసం తగ్గాక డబ్బాను చేతిలోకి తీసుకుని చూసింది. "ఎంత చల్లగ మాట్లాడుతది ఈమె. వేరే ఇల్లు చెప్పు దీనికి."

ఆమె కళ్ల ముందే మా ఇంటిని తుడిచేసి షెడ్డును పెట్టాను. సోమవారం పొద్దున ఆటో వస్తే లేచి, చెప్పులు వేసుకుని, నా భుజం పట్టుకుని నడిచింది. గేటు దగ్గర ఒకసారి ఆగి నల్లా వైపు చూసింది. "ఆయన గాడనే కడుక్కోనీ. బండి మాత్రం గల్లీ మొదట్ల ఆపుమను," అంది. ఖాజాకు అదే చెప్పాను. అతను అలాగే చేశాడు.

ఆమె ఆ మాట ఏ రోజు విన్నదో, బుధవారమో, సోమవారమో, గురువారమో, నేను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది. గురువారం ఏం చూసిందో నాకు తెలియదు. డాక్టర్ చెప్పిన కారణం ఉంది. అది సరిపోతుంది. నేను దాన్నే పట్టుకుని ఉన్నాను.

విజయ ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఉంది. అప్పటికి వైకుంఠ రథంలో డబ్బా లేదు. కమిటీ వాళ్లు ఒక ఫోన్ కొని, సిమ్‌లో ఇంటర్నెట్ తప్ప కాల్స్ రాకుండా చేయించి, బండికే వదిలేశారు. అదే సరైన ఏర్పాటని ఇప్పుడు ఎవరు అడిగినా చెబుతాను. డబ్బాలోని మ్యాప్ ఎక్కించిన రోజు దగ్గరే ఆగిపోతుంది. కొత్త ఫ్లైఓవర్ తెలియదు, కూల్చిన ఇల్లు తెలియదు. ఫోన్ తప్పు చెప్పినా మర్నాటికి సరిచేసుకుంటుంది. డబ్బాకు ఎవరో ఒకరు చెప్పిందే తెలుసు, చెప్పినవాడు మరిచిపోయినా అది మరిచిపోదు. నమ్మొచ్చు అని నేను యాదగిరి గారితో అన్నది ఆ గుణాన్నే.

విజయను తీసుకెళ్లే రోజు పొద్దున పదింటికి బండి వచ్చింది. ఖాజా నన్ను లొకేషన్ పంపమని అడగలేదు. బండిలో ఫోన్ ఆఫ్ చేసి ఉంది. ఇరుకు మలుపులో రివర్స్ చేసుకుంటూ గేటు దాకా తెచ్చాడు. దిగి, నల్లా దగ్గర చేతులు కడుక్కుని, తల మీద రుమాలు కట్టుకుని లోపలికి వచ్చాడు. కాళ్ల వైపు అతనే పట్టాడు.

మా పనిలో బిగించడం అందరూ జాగ్రత్తగానే చేస్తారు. మనం పెట్టిన గుర్తులు తుడిచామా లేదా అన్నది వేరే పని. దానికి జాబితాలో వేరే వరుస ఉండాలి, ఇంకో పనికి తోకగా ఉండకూడదు. ఈ సంగతి నాకు నేర్పింది అంతే. దుకాణంలో గోడకు ఒక అట్ట వేలాడుతుంది. అందులో మొదటి వరుస అదే.

డబ్బాలు ఇప్పుడు ఎవరూ కొనడం లేదు. కార్లతో వచ్చే తెరలనే టెస్ట్ చేస్తాను. పెట్రోల్ పంపు దాకా వెళ్లి వస్తాను. మధ్యాహ్నం ఏ బండినీ మా ఇంటి గేటు దాకా నడపడం లేదు.